ఒక్క గరిటె అన్నం

మిరపకాయల కళ్ళంలో నన్ను కాటా ఎక్కించిన రోజు నేనూ అందరితో పాటు నవ్వాను. ఇంటికి వచ్చి తలుపు వేసుకున్నాక మాత్రం ఒళ్ళు మండిపోయింది.

నా భర్త ఆ పల్లెలో పాస్టరు. సంఘమంతా ఆయన్ని అయ్యగారు అనేది, నన్ను అమ్మగారు. మా విశ్వాసుల్లో ఎక్కువమంది కూలికి వెళ్ళేవాళ్ళే. మిరప కోతల కాలంలో ఆడవాళ్ళు కళ్ళాల్లో కూర్చుని రంగు పోయిన తాలుకాయలు ఏరేవాళ్ళు. వాళ్ళు మధ్యాహ్నం అన్నాలకు లేచే వేళకు నేను వెళ్ళి, కాసేపు వాక్యం చదివి ప్రార్థన చేసి వచ్చేదాన్ని. ఆ రోజు టిక్కీలు తూస్తున్నారు. టిక్కీ అంటే కాళ్ళతో తొక్కి నింపిన మిరపకాయల బస్తా, నలభై అయిదు కిలోల దాకా తూగుతుంది. ఎవరో నా చెయ్యి పట్టుకుని కాటా మీదికి లాగారు. తూచే మనిషి రాళ్ళు వేసి చూసి, "రెండు టిక్కీలకి రెండు కిలోలు తక్కువ" అన్నాడు.

"తేమ ఎక్కువున్నట్టుంది. అమ్మగార్ని ఇంకో నాలుగు రోజులు ఎండబెట్టాలి" అంది తాలు ఏరే పిల్ల ఒకతె. కళ్ళమంతా ఘొల్లుమంది.

ఆ పిల్ల మీద నాకు కోపం లేదు. అన్నదాంట్లో అబద్ధమూ లేదు. నా కోపం వేరు. అప్పటికి ఏడాదిగా నేను మోకరించలేకపోతున్నాను. చర్చిలో "ప్రార్థన చేద్దాం" అనగానే ముసలివాళ్ళతో సహా అందరూ చాపల మీద మోకాళ్ళూనేవాళ్ళు. నేను గోడ పక్కన కుర్చీలో కూర్చునేదాన్ని. ఊహ తెలిసినప్పటి నుంచీ మోకాళ్ళ మీద తప్ప దేవుడితో మాట్లాడటం ఎరగనిదాన్ని. కుర్చీలో చేసిన ప్రార్థన ఎవరింటికో చుట్టపుచూపుగా వెళ్ళి క్షేమం అడిగి వచ్చినట్టుండేది.

వానాకాలం చివర్లో మిషను ఆసుపత్రికి వెళ్ళాను. డాక్టరమ్మ మోకాళ్ళు నొక్కి చూసి, మందు చీటీ పక్కన పెట్టేసింది. "ముందు బరువు దించు. నెలకి ఒక కిలో తగ్గితే చాలు. తొందరపడ్డావంటే పోయిందంతా మళ్ళీ వస్తుంది" అంది.

నేను తొందరపడ్డాను. మాకు తెలిసిన దారి ఉపవాసం. ఇరవై ఒక్క రోజులు ఉపవాస ప్రార్థన చేస్తున్నానని సంఘంలో చెప్పాను. సంఘ ఉజ్జీవం కోసమని చెప్పాను గాని నడుము చుట్టుకొలత కోసమని చెప్పలేదు. పగలంతా మంచినీళ్ళు, పొద్దుగూకాక ఒక గ్లాసు పాలు. జాకెట్టు వదులైందని లోలోపల మురిసిపోయాను. పద్దెనిమిదో రోజున నీళ్ళ బిందె ఎత్తుకుంటూ కళ్ళు తిరిగి పడ్డాను. ఉపవాసం ముగిసిందని ఇంటింటి నుంచీ కూరలొచ్చాయి. రెండు నెలలు తిరిగేసరికి పోయిన బరువంతా వచ్చి, ఇంకో రెండు కిలోలను వెంటబెట్టుకొచ్చింది. దేవుడి పేరు చెప్పి నా ఒంటి పని చేయించుకోబోయాను. ఆ పాపానికి క్షమాపణ దొరికిందని నమ్ముతున్నాను. నా మీద నాకు కోపం మాత్రం తగ్గలేదు.

ఆ తర్వాత బుద్ధిగా డాక్టరమ్మ చెప్పిన దారికే వచ్చాను. పెద్ద కంచం అటక ఎక్కించి చిన్న కంచం దించాను. మూడు పూటలా అన్నమే తినే అలవాటు మాని, మధ్యాహ్నం మాత్రం ఒక్క గరిటె వరన్నం, దానికి రెండింతలు గోంగూర పప్పో, తోటకూరో, దొండకాయ కూరో పెట్టుకున్నాను. పొద్దుగూకక ముందే ఒక జొన్నరొట్టె, పల్చటి మజ్జిగ. టీలో చక్కెర మానేశాను. పక్క పల్లెలో ప్రార్థన కూడికలకు అయ్యగారి సైకిలు వెనక ఎక్కకుండా, నెప్పిగా ఉన్నా ఆగి ఆగి డొంకదారిన నడిచాను. ఆకలేసేది గాని కళ్ళు తిరిగేవి కావు. అరణ్యంలో మన్నా కురిసినప్పుడు ఏ రోజుకారోజు సరిపడా ఏరుకోమన్నాడు దేవుడు. ఆశపడి దాచుకున్నది పురుగు పట్టింది. ఆదివారం బడి పిల్లలకి ఆ పాఠం ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. అది నా కంచానికి కూడా చెప్పిన మాటేనని నలభై ఏళ్ళు దాటాక గాని తట్టలేదు.

మొదటి నెల కిలో తగ్గాను, రెండో నెల అరకిలో. ఇంట్లో ఏ ఇబ్బందీ లేదు. వచ్చిన చిక్కంతా పొరుగిళ్ళలో వచ్చింది.

మా సంఘంలో ఎవరింట్లో కూడిక జరిగినా, చివరి ఆమెన్ కాగానే అయ్యగారికీ అమ్మగారికీ చాప వేసి ముందు భోజనం పెట్టేవాళ్ళు. మేము తింటుంటే ఇంటిల్లిపాదీ చుట్టూ నిలబడి చూసేవాళ్ళు. మూడోసారి వడ్డించుకుంటేనే ఆ ఇల్లాలి ముఖం వికసించేది. దానికి కారణం ఉంది. ఊళ్ళో పెద్ద కులాలవాళ్ళు మా పల్లెలో మంచినీళ్ళు కూడా ముట్టని కాలం చూసినవాళ్ళు వీళ్ళు. తమ ఇంట్లో ఒక మనిషి కడుపునిండా తిని చెయ్యి కడుక్కోవడం వాళ్ళకు సాక్ష్యంతో సమానం. అది తెలిసే పదిహేనేళ్ళు వద్దనకుండా తిన్నాను. వారానికి మూడు నాలుగు ఇళ్ళు, కోడికూర, పలావు, గారెలు. నా బరువంతా అలా వచ్చిందే.

మరుసటి ఏడు మిరప బాగా పండిందని సంఘ పెద్ద ఇంట్లో కృతజ్ఞత కూడిక పెట్టారు. ఆయన భార్య గిన్నె ఎత్తగానే చెయ్యి అడ్డం పెట్టి, ఒక్క గరిటె చాలన్నాను. డాక్టరు చెప్పిందన్నాను. ఆవిడ గిన్నె కింద పెట్టేసింది. తెల్లారేసరికి పల్లెలో మాట మారిపోయింది. అమ్మగారు టీచర్ల ఇళ్ళలో తింటారట, కూలోళ్ళ ఇళ్ళలో ఎంగిలిపడి లేస్తారట. ఎవరి మీదో పంతం పట్టి అన్నం మానేశారట. అదంతా విని అయ్యగారు నా దగ్గరికొచ్చి కూర్చున్నారు.

"ఈ కోతలయ్యేదాకా పెట్టింది తినెయ్యరాదా? నాలుగు ముద్దలతో పోయేదేముంది" అన్నారు.

"పోయేది మీ మోకాళ్ళయితే ఈ మాట అనేవాళ్ళు కాదు" అన్నాను. ఎన్ని ఇళ్ళలో తిన్నా రివటలా ఉండే మనిషి ఆయన. ఆ రోజు ఆయన సన్నదనం మీద కూడా కోపం వచ్చింది నాకు.

మా ఇంటి పొయ్యి సంఘం బియ్యంతోనే వెలిగేది. ప్రతి ఇల్లాలూ ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక పిడికెడు తీసి వేరే కుండలో వేసి, ఆదివారం మూటగట్టి తెచ్చి చర్చిలో గంపలో పోసేది. ఒక ఆదివారం ఆ గంప అడుగు కనిపించింది. "అమ్మగారు జొన్నలు తింటున్నారుగా, బియ్యం దేనికిలే అనుకున్నారండి మనవాళ్ళు" అంది సంఘ పెద్ద భార్య, చాలా మర్యాదగా.

బుధవారం స్త్రీల కూడికలో చెప్పాల్సిన వాక్యం చెప్పకుండా లేచి నిలబడ్డాను. మీకు అమ్మగారు కావాలా, పండక్కి మేపుకునే పొట్టేలు కావాలా అని అడిగాను. అన్నం తగ్గిస్తే నేరమా, జొన్నరొట్టె తింటే పరువు తక్కువా, మీ అమ్మలు తినలేదా అని గట్టిగా అడిగాను. ఆ చివరి మాట అనకుండా ఉండాల్సింది.

వెనక చాప మీద నుంచి ఒక అవ్వ లేచింది. పత్తి తీసే కూలి, సంఘంలో అందరికంటే పెద్దది.

"మా అమ్మెందుకు, నేనే తిన్నా. నా బిడ్డలకి జొన్నసంకటి పెట్టుకున్న రోజుల్లో ఏ అమ్మగారూ నా ఇంట్లో అన్నానికి కూర్చోలా. ప్రార్థన చేసి, సోడా తాగి పోయేవాళ్ళు. రెండు రూపాయల బియ్యం వచ్చినాకే నా పొయ్యి మీదా రోజూ వరన్నం ఉడుకుతోంది. ఇప్పుడు నువ్వొచ్చి ఒక్క గరిటె చాలంటున్నావు. జొన్నలు నీకు మందు తల్లీ. మాకది గతిలేని కూడు."

మా నాన్న మిషను బడిలో టీచరు. మా ఇంట్లో నా చిన్నప్పటి నుంచీ వరన్నమే. ఆ సోడా తాగి వెళ్ళిన అమ్మగార్ల మీద కోపం వచ్చింది. వాళ్ళ తప్పును నేను తిని తిని మోకాళ్ళ మీద మోస్తున్నానని కోపం వచ్చింది. ఆ కోపంలోనే, అంతవరకూ అయ్యగారికీ డాక్టరమ్మకీ తప్ప ఎవరికీ చెప్పని మాట నోట్లోంచి వచ్చేసింది.

"నేను మోకరించలేకపోతున్నానవ్వా. రెండేళ్ళు దాటింది. ఈ బరువుతో మోకాళ్ళు వంగవు."

అవ్వ నా కాళ్ళ వంక చూసింది.

"ఆ ముక్క ముందే చెప్పి ఏడవొచ్చుగా. ఆ కుర్చీ నీ దర్జాకనుకున్నాం మేము."

డాక్టరు చెప్పిందంటే వాళ్ళకేం తెలుస్తుంది? ఎందుకు చెప్పిందో నేను నోరు విప్పలేదు. పాస్టరు భార్య మోకాళ్ళూనలేదంటే లోకువవుతానని దాచాను. సంఘం మీద నేను పెంచుకున్న కోపంలో సగం అక్కడే కూలిపోయింది. మిగతా సగం ఉంది. ఉండాల్సిందే అనుకుంటున్నాను.

ఆ తర్వాత ఏ ఇంట్లో కూడికైనా అవ్వ నా కంచం పక్కనే కూర్చునేది. రెండో గరిటె ఎత్తిన వాళ్ళ చెయ్యి పట్టుకుని, "పెట్టి ఆమెను కుర్చీలో కూలేస్తారేంటే" అని కసిరేది. గంపలో బియ్యం మళ్ళీ పడింది. సంఘ పెద్ద భార్య మాత్రం మారలేదు. అయ్యగారు పెళ్ళానికి తిండి పెట్టడం లేదని కొత్త మాట పుట్టించింది. పుట్టించనీ అనుకున్నాను. కొన్ని నెలలు కిలో, కొన్ని నెలలు అదీ లేదు. పెళ్ళిళ్ళ కాలంలో ఒకసారి పెరిగాను కూడా. మర్నాటి నుంచి మళ్ళీ ఒక్క గరిటె. ఉపవాసం జోలికి మాత్రం పోలేదు. ఏడాదిన్నరకు పదమూడు కిలోలు దిగాయి.

ఒక శుక్రవారం అవ్వ ఇంట్లో కూడిక. అయ్యగారు ప్రార్థన అనగానే, ఎప్పుడూ వేసినట్టే నాకోసం స్టూలు వేశారు. దాన్ని పక్కకు జరిపి, గోడ పట్టుకుని, ఒక మోకాలు, తర్వాత రెండోది, పేడతో అలికిన నేల మీద ఆనించాను. నెప్పి పుట్టింది, కానీ వంగాయి. స్తోత్రం చెప్పాల్సిన వేళ. నా నోట వచ్చింది పోట్లాట. కడుపునిండా అన్నం తినడానికి మా వాళ్ళకు ఇన్ని తరాలు ఎందుకు పట్టనిచ్చావు ప్రభువా, తిన్నామని నలుగురి ముందు రుజువు చేసుకోవాల్సిన గతి ఎందుకు పట్టించావు అని గొంతెత్తి అడిగాను. అలా అడగొచ్చని భక్తుల కీర్తనల్లోనే నేర్చుకున్నాను. అవ్వ పక్కన ఒక్కో మాటకూ ఆమెన్ అంటూనే ఉంది. అయ్యగారు ముగించాక కూడా నేను ఆపలేదు. ఇంట్లో అన్నం చల్లారిపోతోందని ఎవరో గొణిగారు. చల్లారనివ్వమంది అవ్వ.