సున్నం చల్లిన ఫోను

ఆ దినాల్లో మా దిబ్బూరహళ్ళి పక్క పిలగాళ్ళకి చేతిలో ఫోనుంటే సాలేది కాదు, దాన్ని రూటు చేసుండాల. రూటంటే, కంపెనీవాడు ఫోనుకి ఏసిన బీగం మనమే తీసి, వాడిచ్చిన సాఫ్టువేరు పీకేసి వేరేది ఎక్కించేది. నేను శాలెలో ఐదో క్లాసు దాటలేదు, ఇట్ల రాసేది కూడా ఇదే మొదలు. (తప్పులుంటే మీరే దిద్దుకుని చదువుకోండప్పా.) ఫోను సంగతికొస్తే మాత్రం నా అంత మొనగాడు ఈ తాలూకులోనే లేడనుకుని తిరిగేవాణ్ణి. అప్పటికే మా మామ ఫోను ఒకటి, స్నేహితుడి ఫోను ఒకటి చంపిపెట్టినా. అయినా ఆ గీర తగ్గలేదు.

మా ఇంట్లో రేశ్మె పురుగులు, అంటే పట్టుపురుగులు, మేపేవాళ్ళం. పురుగుల ఇంటికి మడి సానా. సావింటికీ ఆస్పత్రికీ పోయొచ్చినోళ్ళు ఆ గడప తొక్కకూడదు. మా అవ్వ చేత్తో ఆకు ఏస్తేనే పురుగులు గూడు కడతాయని మా నాయన నమ్మకం. అవ్వకేమో చెవుడు. ఆ పంట నడిమధ్యలో మా అత్త, అంటే అవ్వ కూతురు, బెంగళూరు ఆస్పత్రిలో పడింది. కడుపులో నీళ్ళు చేరినాయి. దినామూ ఫోను చేసేది. నాయన తన చెవికి పెట్టుకుని ఇని, తర్వాత అవ్వ చెవిలో అరిచేవాడు: "బాగుండాదంట. నువ్వు రావద్దంట. పంట కానిమ్మనింది." అవ్వ తలకాయ ఊపి మల్ల ఆకు ఏసేకి పోయేది.

ఒక పొద్దు అవ్వ నా పక్కన కూసుని, "మీ అత్త గొంతు ఇని సానా దినాలాయె రా. అదేం చెప్పినా మీ నాయన గొంతులోనే వస్తాది" అనింది. అంతే, నాకు పని దొరికింది. నా ఫోను తీసుకుని చింతామణి బస్సెక్కినా. అక్కడ ఫోన్లు బాగుచేసే ఒకాయన్ని మేమంతా సాఫ్టువేరన్న అనేవాళ్ళం.

"ఏమప్పా, మల్ల వచ్చినావు. ఈసారి ఎవురి ఫోను చంపల్ల?"

"నాదే అన్నా. సౌండు పెంచాల. మా అవ్వకి ఇనపడాల."

"చెవి మిషను కొనియ్యి."

"కొనిచ్చినాం. కుయ్యంటాదని ఆకులో పారేసింది. పురుగులు కూడా తినలేదు దాన్ని."

ఆయన నవ్వి ల్యాప్‌టాప్ తీసినాడు. "రూటు చేస్తే కంపెనీవాడు పెట్టిన అడ్డు తీసేసి ఎంతకైనా పెంచొచ్చు. స్పీకరు పగిల్తే నా షాపు దిక్కు రావద్దు."

కొత్త సాఫ్టువేరు ఎక్కించుకుని బస్సెక్కితే, ఫోను తెర మింద ఊరికొచ్చేదాకా ఒకే గుండ్రం తిరగతా ఉండాది. ఇంటికొచ్చినా అదే. సచ్చిపోయిందని చేత్తో సైగ చేసినా. అవ్వ దాన్ని అట్లా ఇట్లా తిప్పి చూసి, "సావలేదు. జరంలో ఉండాది" అనింది. (పురుగు పొర ఇడిచే ముందు తల ఎత్తి కదలకుండా ఉంటాది. దాన్నే మేం జరం అంటాం. అప్పుడు దాన్ని తాకకూడదు, సున్నం చల్లి వదిలేయాల.) నేను అన్నం తిని వచ్చేసరికి నా ఫోను పురుగుల తట్టలో పడుకోనుండాది, మీద తెల్లగా సున్నం. నాకు ఏడుపొక్కటే తక్కువ.

"తాకొద్దు. అదే లేస్తాది" అనింది అవ్వ.

పొద్దున చూస్తే లేసింది. కొత్తగా ఎక్కిస్తే ఒక్కోసారి అంతసేపు పడతాదని సాఫ్టువేరన్న తర్వాత చెప్పినాడు. అవ్వ మాత్రం సున్నం వల్లే అనేది.

ఫోను అరుగు మింద పెట్టి సౌండు మొత్తం పెంచి, ఆస్పత్రిలో అత్త పక్కనుండే మామకి చేసినా, అత్తకియ్యమని. రింగు శబ్దానికే వీధిలో కుక్కలు లేసి నిలబడినాయి. తర్వాత సున్నం గీక్కుంటా ఒక గొంతు వచ్చింది.

"అమ్మా."

అవ్వ తలెత్తింది. చేతిలో ఆకు అట్లే ఉండిపోయింది. "ఏమ్మా" అనింది.

"తిన్నావా?"

"తింటి. నువ్వు?"

"నాకేం దిగేది లేదమ్మా. దినామూ అన్నతో చెప్పి పంపిస్తాండా గదా, ఒక్కసారి వచ్చి పోమ్మా అని. ఏల రాలేదు? నా మింద కోపమా?"

నీళ్ళకి పోతాండే ఆడోళ్ళు బిందెలతో అట్లే నిలబడిపోయినారు. మా నాయన నెత్తిన ఆకు మోపుతో వాకిట్లో ఉండాడు. మోపు దించాలని కూడా ఆయనకి తోచలేదు.

"రావద్దనింది అంటివి గదరా" అనింది అవ్వ, నాయన పక్క తిరిగి.

"ఇంకొన్ని దినాలేమ్మా. గూడు కట్టేస్తాయి, ఆమైన నేనే పిల్చుకుపోతా..."

"అమ్మా, ఇనపడతాందా?" అనింది ఫోను.

"ఇనపడతాంది. వస్తాండా."

పట్ మని స్పీకరు పోయింది. అవ్వ పోయి ఆకు బుట్ట తెచ్చి నాయన చేతిలో పెట్టింది. "తడి ఆకు ఏయొద్దు" అని, కట్టుకున్న చీరతోనే బస్సుకి నడిచింది. ఎనకాల నేను.

అత్త రెండు దినాలుంది. అవ్వకి అక్కడ ఏమీ ఇనపడలేదు. మంచం పక్కన కూసుని కూతురి పెదాలు చూస్తా ఉండేది. అత్త పోయినంక మైల కాబట్టి మా ఇంట్లో ఎవురూ పురుగుల ఇంట్లోకి పోలేదు. పక్కింటోళ్ళే ఆకు ఏసినారు. గూళ్ళు కట్టేసినాయి, ఎప్పుడూ కట్టినట్లే.

అత్త దినాలప్పుడు ఒకాయన నన్ను పక్కకి పిల్చి, "వీధంతా ఇనపడిందంట గదా, నా ఫోనుకీ అట్ల చేస్తావా?" అన్నాడు. నేను తలకి టవలు చుట్టుకుని, బీగం ఎట్ల తీసేది, ఏది ఎక్కించేదీ అంతా చెప్పినా. నలుగురు చుట్టూ చేరి ఇంటాండారని ఒళ్ళు ఉబ్బింది. నాయన దూరంగా ఒక్కడే కూసోనుండాడు. నేనా పక్క చూడను కూడా లేదు.

ఆ ఫోను ఇంకా ఉండాది, స్పీకరు బొక్కల్లో సున్నంతోనే. అవ్వ లేదు. ఇప్పుడు నాయనకీ చెవుడొచ్చింది. మా చెల్లెలు ఫోను చేస్తే నేను మధ్యలో చేరను, స్పీకరు పెట్టి చేతికిచ్చేస్తా. ఏం చెప్పింది రా అంటే, నువ్వే ఇను నాయనా అంటా. చెవికి ఆనించుకుని అడుగుతాడు: "ఇంకా పెంచేకి కాదా రా? ఆ పొద్దు చేసినావే, అట్ల?"

నవ్వొస్తాది. ఆ మొనగాడు యాడ పోయినాడో, బీగం ఎట్ల తీసేదో కూడా నాకిప్పుడు గుర్తు లేదు.