ఒకటి అంటే ఆగు

బాపు బండి మీద ఎక్కడికి వెళ్ళినా వెనక కూర్చునేది నేనే. గనిలో అన్నేళ్ళ మోతకు ఆయన రెండు చెవులూ పోయాయి. బండి అద్దంలో ఆయనకు కనిపించేది తన భుజమే. అందుకే వెనక ఏం వస్తోందో నా చేతులు ఆయన వీపుకు చెప్పాలి. ఎడమ భుజం తడితే ఎడమకు జరగాలి, కుడిదైతే కుడికి. వేళ్ళు ఎంత గబగబా ఆడితే వెనకున్నది అంత దగ్గరికొచ్చినట్టు.

బెల్లంపల్లిలో మేం బండి ఎక్కినప్పుడల్లా అవ్వ నవ్వుతుంది. "ఆయినకు చెవుల్లేవు, నీకు నోరు లేదు. మంచిగ కుదిరిండ్రు ఇద్దరు."

గనిలో బాపు బొగ్గు టబ్బులను తాడుతో పైకి లాగే యంత్రం నడిపేవాడు. కింద నుంచి గంట కొట్టేవారు. ఒకటి అంటే ఆగు, రెండు అంటే కదులు. గంట బిగించిన ఇనుప స్తంభానికి భుజం ఆనించి కూర్చునేవాడట. చివరి ఏళ్ళలో చెవికి అందని గంట ఆ స్తంభం అదురుగానే అందేదట. బండి మీద నేను ఒకసారి తడితే ఆగడం, రెండుసార్లు తడితే కదలడం అక్కడి నుంచి వచ్చినవే.

ఆ రోజు లైబ్రరీ పుస్తకాలు ఇచ్చి రావడానికి మంచిర్యాలకు బయలుదేరాం. వెనక బొగ్గు లారీ ఒకటి వస్తోంది. చెప్పడానికి చెయ్యి ఎత్తేలోపే బండి గుంతలో పడింది. నా హెల్మెట్ బాపు వీపుకు కొట్టుకుంది. ఒక్కసారి.

బాపు బండి ఆపేశాడు, రోడ్డు మధ్యలో. పక్కకు తీయలేదు. వెనక్కి చూడలేదు. రెండు కాళ్ళూ నేలకు ఆనించి అలాగే కూర్చున్నాడు.

లారీ హారన్ ఆపకుండా మోగుతోంది. "బాపూ, నడువు!" అని అరిచాను. పుట్టి బుద్ధెరిగాక అంత గట్టిగా అరిచింది లేదు. వినాల్సిన మనిషికే వినపడలేదు. అప్పుడు చేతులు గుర్తొచ్చాయి. ఎడమ భుజం మీద అరచేత్తో కొట్టాను. రెండు.

బండి ఎడమకు దూకి మట్టిలోకి దిగింది. లారీ గాలి మా పక్కనుంచి కోసుకుంటూ పోయింది.

"ఎందుకు ఆపుమన్నవ్?" బాపు వెనక్కి తిరిగాడు.

హెల్మెట్ చూపించాను. వెనకున్న గుంత చూపించాను. ఆయన ముఖం పాలిపోయింది.

"ఒక్కటి వస్తె ఆపుడే ఎరుక నాకు. ఎందుకో జూద్దమని ఆలస్యం జేస్తె కింద మనిషి బతకడు."

మళ్ళీ తల తగలకుండా వెనక్కి జరిగి, పుస్తకాల సంచిని మా మధ్య పెట్టాను. బాపు బండి స్టార్ట్ చేసి ఎదురుచూస్తున్నాడు. ఆయన భుజం మీద చెయ్యి వేశాను. ఆ చెయ్యి ఆగకుండా వణుకుతోంది.

బాపు భుజం బిగుసుకుంది. "మళ్ళ లారీయా బిడ్డా? లేకుంటె భయమా?"

వెనక రోడ్డు ఖాళీగా ఉంది. చెయ్యి తీసేసి, ఒళ్ళో గట్టిగా పిడికిలి బిగించుకున్నాను. ఆయన కాళ్ళు నేల మీదే ఉంచాడు.

వణుకు తగ్గాక రెండు కొట్టాను.