‘ఆలస్యంగా వచ్చింది’ అని రాయనివ్వని టీచరు

మాకు కాన్పుల పని నేర్పిన టీచరు పోయారని మొన్న డార్విన్ నుంచి పాత క్లాస్‌మేట్ మెసేజ్ పెట్టింది. మెల్‌బోర్న్ శివారు ట్రుగనీనాలో మా ఇంటి ముందు కారు ఆపుకుని చదివాను. కింద అప్పటికే సంతాపాలు మొదలయ్యాయి. ఎప్పుడూ నవ్వుతూ ఉండేవారని ఒకరు, శాంతమూర్తి అని ఇంకొకరు. ఏడుపు కన్నా ముందు నాకు విసుగొచ్చింది. ఆవిడ ఎప్పుడు నవ్వారు? నేను డార్విన్‌లో యూనివర్సిటీలో చదివినన్నాళ్లూ దేనిమీదో ఒకదానిమీద విసుక్కుంటూనే ఉన్నారు. లిఫ్టు మీద, వానాకాలపు ఉక్క మీద, అన్నిటికన్నా ఎక్కువగా మనుషులు వాడే మాటల మీద.

ఆవిడది విజయనగరం వైపు. ఆస్ట్రేలియా రాకముందు అక్కడి ఏజెన్సీ కొండల్లో నర్సుగా చేశారు. క్లాసులో ఇంగ్లీషే మాట్లాడేవారు కానీ, కారెక్కితే నాతో తెలుగే. తన పులిహోరలో సగం నాకు పెట్టి, నేను ముద్ద మింగేలోపే ప్రశ్నలు మొదలుపెట్టేవారు.

“ఆ పేషెంటు గురించి ‘ఆలస్యంగా వచ్చింది’ అని రాసినావు. ఎంత దూరం నించి వచ్చింది?”

“తెలీదు మేడమ్.”

“మరి ఆలస్యమని ఎలా తెలిసిపోయింది? దూరం రాయి. ఎవరు తెచ్చారో రాయి. ఆలస్యం ఎవరిదో చదివినోళ్లు తేల్చుకుంటారు.”

ఉత్తర ఆస్ట్రేలియాలోని మారుమూల ఆదివాసీ ఊళ్లలో కాన్పు చేసే ఏర్పాటు లేదు. నెలలు నిండే ముందే గర్భిణులను చిన్న విమానంలో డార్విన్ తెచ్చి హాస్టల్లో ఉంచుతారు. అలా వచ్చిన ఒకమ్మాయి, తొలిచూలు, బీపీ పెరుగుతుండగా హాస్టల్ వదిలి వెళ్లిపోయింది. “సహకరించే రకం కాదు,” అన్నారు ఆస్పత్రి మీటింగులో. మా టీచరు కారు తాళాలు తీసుకున్నారు. నేను వెంట వెళ్లాను.

సముద్రం పక్క పార్కులో తన ఊరివాళ్ల దగ్గర ఆ అమ్మాయి కనిపించింది. టీచరు గడ్డి మీద కూర్చుని బీపీ చూశారు. చాలా ఎక్కువగా ఉంది. ఎందుకొచ్చేశావని అడిగితే, “అక్కడ నాతో మాట్లాడేవాళ్లు లేరు. అమ్మ వస్తే వస్తాను,” అంది.

తల్లిని పంపమని టీచరు ప్రయాణాలు చూసే ఆఫీసును అప్పటికే రెండుసార్లు అడిగారు. వయసు నిండిన మనిషికి తోడు ఇవ్వడం రూల్స్‌లో లేదన్నారు. టీచరు అక్కడే కూర్చుని మళ్లీ ఫోన్ పట్టుకున్నారు. ఒకరు ఇంకొకరికి కలిపారు, వాళ్లు మరొకరికి కలిపారు. చివరికి టీచరు, “సరే, ఈ బీపీతో ఈమెకు ఫిట్స్ వస్తే మీ పేరేమని చెప్పమంటారు?” అని అడిగారు. సాయంత్రం విమానానికి తల్లిని పంపిస్తామన్నారు అవతలివాళ్లు. ఆ మాట విన్నాక అమ్మాయి లేచి మా కారెక్కింది.

ఆమెను వార్డులో చేర్చి ఎయిర్‌పోర్టుకు వెళ్లాం. టాక్సీ పంపుతామన్నారు కానీ మా టీచరు నమ్మలేదు. అక్కడ వేచి ఉన్నప్పుడే ఆవిడ ఏజెన్సీలో పనిచేసినప్పటి ఒక కొండమనిషి సంగతి చెప్పారు. ఇంట్లో బిడ్డను కన్నాక రక్తం ఆగలేదు. డోలీ కట్టి మోసుకొస్తుంటే వాగు పొంగి దారి ఆగిపోయింది. ఒడ్డునే ప్రాణం పోయింది. తరువాత జరిగిన సమీక్షలో, గిరిజనులు మూఢనమ్మకాలతో ఆస్పత్రికి రారని పెద్దాఫీసరు అన్నాడట.

“మీరేమన్నారు?”

“ఏటంటాను? ‘వస్తూనే చనిపోయింది సార్,’ అన్నాను. ఎదురు మాట్లాడొద్దన్నాడు.” గేటు వైపు చూసి, “ఇక్కడ విమానాలున్నాయి, అక్కడ రోడ్డే లేదు. అనే మాట మాత్రం ఒకటే. ఎన్ని ఊళ్లు మారినా ఇదే వినాలా నేను?” అన్నారు.

ఆ అమ్మాయి బతికింది. ఆడపిల్ల పుట్టింది. ఆ తరువాతి గర్భిణికి మళ్లీ అవే ఫోన్లు, అదే రూలు. ఈ సంగతి ఆ సంతాపాల కింద రాయబోయి మానేశాను.

నా కళ్లలో నిలిచిపోయింది ఆ సాయంత్రమే. గేటు తీశారు. చిన్న విమానంలోంచి ఒక పెద్దావిడ చంకలో తలగడ పెట్టుకుని, ఉత్త పాదాలతో దిగింది. మా టీచరు ఎదురెళ్లి ఆ తలగడ అందుకున్నారు. ఇద్దరూ పక్కపక్కనే, ఇంకా చల్లారని తారు మీద, నన్ను వెనక వదిలేసి వడివడిగా నడిచిపోతున్నారు.