ముగ్గుపొడిలో నా అడుగులు

దయ్యాలంటే నాకు నమ్మకం లేదు. ముందే చెబుతున్నాను, ఎందుకంటే ఇది విని "పాపం, జడుసుకున్నాడు" అనేవాళ్ళంటే నాకు ఒళ్ళు మంట. మా జగిత్యాల వైపు ఎవరికి గాలి సోకిందన్నా ఎదురుగానే నవ్వేవాణ్ణి.

బహ్రెయిన్‌లో పన్నెండేళ్ళుగా తాపీ పని చేస్తున్నాను. సల్మాబాద్ క్యాంపులో ఉంటాను. నువైద్రాత్ దగ్గర ఒక ప్రైవేటు బడికి కొత్త గదులు కట్టే పని మా కంపెనీకి వచ్చింది. ప్లాను గీసిన మేడం ఈ దేశపు ఆవిడే, హిందీ అర్థమవుతుంది. కాగితం మీద చూపిస్తే టీచర్లు సరే అనేసి పోతారనీ, నేల మీద అసలు కొలతల్లో చూపిస్తే నడిచి చూసి ఉన్నమాట చెబుతారనీ ఆవిడ ఆలోచన. నాకు నచ్చింది. పునాదికి ముగ్గు పోసినట్టే, ఖాళీ స్థలంలో ఆరు గదులకు ముగ్గు పోశాను.

శనివారం బడికి సెలవు. పొద్దున్నే టీచర్లు ఒక్కొక్కరే వచ్చి ఆ గీతల మధ్య నడిచారు. కిటికీ ఇంకా కిందికి ఉండాలి, బ్యాగులు పెట్టే చోటు లేదు, పిల్లలు నేల మీద గుండ్రంగా కూర్చునే జాగా కావాలి అని చెబుతుంటే మేడం రాసుకున్నారు. వాళ్ళు చెప్పినట్టల్లా నేను గీత చెరిపి మళ్ళీ పోస్తున్నాను. అందుకే నా చూపు వాళ్ళ కాళ్ళ మీదే ఉంది.

మూడో గదిలో కిటికీ వైపు ఒక చోటుంది. అక్కడికి రాగానే ప్రతి టీచరూ పక్కకు తిరిగి, దాన్ని చుట్టి వెళ్ళారు. అక్కడ రాయి లేదు, గుంట లేదు. మొదట నవ్వుకున్నాను. తొమ్మిదో ఆవిడ కూడా అలాగే నడిచేసరికి నవ్వు పోయింది.

ఆ గది కాకినాడ నుంచి వచ్చిన విజయ టీచరుది కాబోతోంది. ఉండబట్టలేక ఆవిడతో చెప్పాను.

"నేనా? తిన్నగానే నడిచానండీ," అన్నారావిడ.

మా ఫోర్‌మన్ మల్లేశన్న అది విన్నాడు. మా ఇద్దరిదీ ఒకే మండలం. నన్ను పక్కకు లాక్కుపోయాడు.

"పిచ్చి లేసిందారా నీకు? ఈ ముచ్చట కఫీల్ చెవుల వడితే పని బందైతది. ఇంకోపారి నోరు దెరిచినవంటే టికెట్ కొట్టిచ్చి ఇంటికి తోలిస్త."

కఫీల్ అంటే ఇక్కడ మాకు వీసా ఇచ్చే యజమాని. నాకు కోపం వచ్చింది. బెదిరించినందుకు కాదు, నన్ను పిరికివాళ్ళలో జమకట్టినందుకు.

"ఆడ ఏం లేదని నేనే నడిచి సూపెడ్త, సూడన్నా."

"నడువు. యల్లా."

టీచర్లు టీకి లోపలికి వెళ్ళాక, మిగిలిన ముగ్గుపొడి గది నిండా పలచగా చల్లాను. గాలి లేదు. తలుపు గీత దగ్గర నిలబడి, కిటికీకి గుర్తుగా పెట్టిన ఇటుక మీద చూపు నిలిపి, సరిగ్గా ఆ చోటు మీదుగా నడిచాను. తిన్నగా నడిచాను. కాలికి ఏమీ తగలలేదు, ఒళ్ళు జలదరించలేదు. ఇటుక దగ్గర ఆగి, "సూసినవా అన్నా?" అంటూ వెనక్కి తిరిగాను.

మల్లేశన్న నేల వైపు చూస్తున్నాడు.

నా అడుగులు గది మధ్యదాకా తిన్నగా వచ్చి, పక్కకు వంగి, ఆ చోటును చుట్టి మళ్ళీ వరసలోకి వచ్చాయి. ఆ చోట పొడి చెదరనే లేదు.

"ఖలాస్," అంటూ అన్న బూటుతో అంతా చెరిపేశాడు. "నువ్వేం జూడలె. నేనేం జూడలె."

ఊరుకుంటే సరిపోయేది. మా ఇద్దరు ఆడపిల్లల చదువు నా డ్యూటీ మీదే నడుస్తోంది. కానీ రేపు ఆ గదిలో కూర్చునేదీ పిల్లలే. తెలిసి నోరు మూసుకుంటే తిన్న అన్నం ఎలా అరుగుతుంది? నేరుగా మేడం దగ్గరికి వెళ్ళి, నాకొచ్చిన హిందీలో అంతా చెప్పి, టీచర్ల మాటలతో పాటు నా మాటా రాసుకోమన్నాను. ఆవిడ నవ్వలేదు. పేరు వేయాలా అని మాత్రం అడిగారు. దూరం నుంచి మల్లేశన్న వద్దని చెయ్యి ఊపుతున్నాడు.

వేయమన్నాను. సంతకం కూడా పెట్టాను.

నన్ను ఇంటికి పంపలేదు కానీ సఖీర్ సైటుకు మార్చారు. కట్టేటప్పుడు మూడో గదిని పక్కకు జరిపారని తర్వాత విన్నాను. ఎందుకో ఎవరూ చెప్పలేదు.

దయ్యమా అంటే కాదంటాను, ఎవరితోనైనా వాదిస్తాను. ఆ చోటు సంగతి వదిలేయండి. నా కాళ్ళు నాకు చెప్పకుండా ఎలా పక్కకు తిరిగాయో నాకు ఇప్పటికీ తెలియదు.