కడుపులో ఎడమపక్క

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన ఏడాది నాకు కడుపు పెరిగింది. నెల తప్పింది, అన్నం సయించదు, నాలుగడుగులు వేస్తే ఆయాసం. ఇంకేం కావాలి? కొత్త పెళ్ళికూతురిని. ఆళ్ళగడ్డలో మా అత్తవారి వీధి వీధంతా నాకు తొలిచూలని తీర్మానించేసింది.

"ఎడమపక్క గట్టిగుండాది. ఆడపిల్లే" అంది మా అత్త. ఆ గట్టిదనం మీద చెయ్యి పెట్టుకుని నేను రోజూ కబుర్లు చెప్పేదాన్ని. ఆ ఇంట్లో నాతో మాట్లాడేదెవరు గనక? మా ఆయన పొద్దున పొలానికి పోతే పొద్దుగూకే వేళకు వచ్చేవాడు. వచ్చినా తినడం, పడుకోవడం.

రానురాను కళ్ళు పచ్చబడ్డాయి. ఆసుపత్రికి పోదామంటే, గాజులు తొడిగేదాకా తొలిచూలు కడుపు పరాయివాళ్ళకు చూపకూడదని ఆ ఇంటి పట్టు. నాకు ఒళ్ళు మండేది. సరే, గాజులూ తొడిగారు. ఒళ్ళో చలిమిడి పెట్టి పాటలు పాడారు. ఆ పీట మీదే కళ్ళు తిరిగి పడిపోయాను.

అప్పుడు మా అత్తా, మా ఆయనా నన్ను వెంటబెట్టుకుని నంద్యాల బస్సెక్కారు. ఆసుపత్రిలో డాక్టరమ్మ కడుపు నొక్కి చూసింది, రక్తం పరీక్ష చేయించింది. సాయంత్రం మా ముగ్గురినీ కూర్చోబెట్టి, కడుపులో బిడ్డ లేదని చెప్పింది. పెరిగింది ప్లీహమట, మన వైపు బల్ల అంటామే, అది. నా రక్తమే పుట్టుకతో తేడా అట. అందులోని కణాలు నిలవవు, వాటిని మింగి మింగి ఆ బల్ల వాచిపోయింది. ఒంట్లో రక్తం చాలకే నెల తప్పిందట. ఎక్కడో గాని రాని జబ్బట. ఆ బల్ల తీసేయకపోతే నేను బతకనంది.

మా అత్త నా వైపు చూడలేదు. "ఊరందరికీ చెప్పుకుంటిమే. ఇంగ ఏ మొగం పెట్టుకోని తిరిగేది?" అంది కొడుకుతో. మళ్ళీ వస్తామని చెప్పి ఇద్దరూ బస్సుకు పోయారు. ఆపరేషన్ నాటికి కూడా రాలేదు. ఏడ్చాను, కసితీరా తిట్టుకున్నాను.

ఆపరేషన్ అయ్యి తెలివి వచ్చాక, తీసింది చూపించమని నర్సును అడిగాను.

"ఏందమ్మా నీ పిచ్చి, చూసి ఏం చేస్తావ్?" అంటూనే పళ్ళెంలో తెచ్చింది. నల్లెరుపుగా, తడితడిగా పెద్ద ముద్ద. కన్ను లేదు, ముక్కు లేదు. ఇన్నాళ్ళూ నేను కబుర్లు చెప్పింది దీనికే.

"దీన్ని యాడ పెడతారు?" అన్నాను.

"వెనక గుంత తీసి పూడుస్తారు."

"పూడ్చేటప్పుడు నువ్వు రవ్వంత సేపు ఆడ నిలబడతావా అక్కా? ఒక్కతే పోతాంది."