నీలం రేకు ఊడిన లారీ

తప్పులుంటే మన్నించండి, నేను అయిదో తరగతి దాకే చదివాను. నాలాగే నాన్న గల్ఫులో ఉండగా పెరిగినవాళ్లు చదువుతారని రాస్తున్నాను.

మీ ఇంట్లో బియ్యం డబ్బా మీద ఏం మూత ఉండేది? మా ఇంట్లో నీలం రేకు, దాని మీద తెల్లటి టి.ఐ.ఆర్. అక్షరాలు. బహ్రెయిన్‌లో తాను నడిపే, యూరప్ నుంచి వచ్చిన పాత లారీ ముందునుంచి నాన్న ఊడదీసి తెచ్చాడు. ఊడదీస్తుంటే ఒక మూల చిరిగింది. ఆ సందులో అమ్మ గుడ్డ కుక్కేది.

"ఈ రేకున్న లారీని యూరప్ సరిహద్దుల్ల విప్పి చూడరు బిడ్డా. సీలు చూసి పంపుతరు. పొడుగు ముక్కు, రెండు ముక్కల అద్దం, గట్ల గుర్తుపట్టాలె," అనేవాడు నాన్న. ఆ సెలవు తర్వాత వెళ్లినవాడు మళ్లీ రాలేదు. పన్నెండేళ్లుగా ఫోను కూడా లేదు.

ఇప్పుడు మేమూ బహ్రెయిన్‌లోనే ఉంటున్నాం. నిన్న ఇక్కడ అస్కర్ దగ్గర తుక్కు యార్డులో అలాంటి లారీ చూశాను. ముందు ఒక బోల్టు కింద గోరంత నీలం రేకు ఇంకా ఇరుక్కుని ఉంది.

"దీన్ని ఎవరు నడిపిండ్రన్నా?" అని కాపలా అన్నను అడిగాను.

"నాకేం ఎరుక చెల్లే? కాయితాలు లెవ్వు. శనివారం తుక్కు కింద కోస్తరు."

"అసొంటియి ఎన్ని లెవ్వు? పా, డ్యూటీకి లేటైతుంది," అన్నాడు పక్కనే ఉన్న మా ఆయన.

ఫొటో కింద పెట్టాను. ఈ లారీ నడిపినాయన తెలుసా అని మీ నాన్నలను ఒక్కసారి అడగండి, శనివారంలోపు. తర్వాత ఈ పోస్టు తీసేస్తాను, మీరూ ఫోన్లలోంచి తీసేయండి. అమ్మకు మాత్రం చూపించకండి. ఆమె ఇంకా బొట్టు పెట్టుకుంటోంది.