కొట్టు గుమ్మానికి వేపమండ

మా పిన్ని పోయిందని కాకినాడలో నా హాస్టల్‌కి ఫోన్ వచ్చింది. చేసింది ఆమె బావగారు. "అమ్మవారు పోసిందమ్మా. తీసుకుపోయింది," అన్నాడు. ఆయన్ని నేను పెదనాన్న అని పిలిచేదాన్ని. ఇకమీదట పిలవను.

పిన్ని కడియం నర్సరీల్లో గులాబీలకి అంటు కట్టేది. మొక్కల లారీ నడిపే బాబాయి ఎక్కడ తెచ్చుకున్నాడో హెచ్‌ఐవీ తెచ్చుకుని, ఆమెకీ అంటించి పోయాడు. ఆ తర్వాత బావగారింటి పెరటి గదిలో ఉండేది. వీధివైపు ఆయన కిరాణా కొట్టు. నన్ను డిగ్రీలో చేర్చడానికి మా అమ్మతో పోట్లాడింది పిన్నే. వెళ్ళినప్పుడల్లా గోళ్ళ సందుల్లో మట్టితోనే నాకు జడ వేసేది. "అంటు కట్టాక పట్టుకుందా లేదా అని రోజూ లాగి చూడకూడదే. నీకా ఓపిక లేదు, మొక్కలకి పనికిరావు," అని నవ్వేది.

కాకినాడ ప్రభుత్వాసుపత్రిలో మాత్రలు మొదలుపెట్టిన రోజు నేనూ పక్కనే ఉన్నాను. ఇంటి మనిషి ఒకరు రావాలంటే పిన్ని బావగారే వచ్చాడు. అక్కడి కౌన్సిలర్ ఆయన ముఖంలోకి చూసి మరీ చెప్పింది: "ఈ మందు కొందరికి పడదండి. దద్దుర్లు, జ్వరం, నోట్లో పుండ్లు, ఏది కనిపించినా వెంటనే తీసుకొచ్చెయ్యండి. ఆలస్యం చేస్తే ప్రాణం మీదికొస్తుంది." ఆయన తలూపాడు. తిరుగు బస్సులో పిన్ని మాత్రల డబ్బా ఒళ్ళో పెట్టుకుని, "మీ బాబాయి కంటే ఇవే నయమే, వేళకి ఇంటికొస్తాయి," అంది. ముందు సీట్లో ఆయన వెనక్కి తిరగలేదు.

మందుని నేను తిట్టను. అదే మందుతో లేచి తిరుగుతున్నవాళ్ళని ఆ ఆసుపత్రి వరండాలోనే చూశాను.

ఫోన్ రాగానే ఊరొచ్చాను. పిన్ని పెదాలు పగిలి నల్లబడ్డాయి. కళ్ళు అతుక్కుపోయాయి. భుజాల మీద చర్మం వేణ్ణీళ్ళు పడ్డట్టు ఊడిపోయింది. పెరటి గుమ్మానికి వేపమండలు. అంతకుముందు వారం పిన్ని కోసం నేను కొట్టుకి ఫోన్ చేస్తే, "పిఠాపురం మొక్కు తీర్చుకోడానికెళ్ళిందమ్మా," అన్న మనిషి, ఆ గుమ్మం పక్కనే తలవంచుకుని నిలబడ్డాడు.

పక్కింటి మామ్మగారు నన్ను పక్కకి పిలిచింది. "అమ్మవారనే మేం దండం పెట్టుకున్నామమ్మా. మీ పిన్నిది మాత్రం ఒకటే మొర. 'బావగారూ, ఇది అమ్మవారు కాదండీ, మందు పడలేదండీ, కాకినాడ తీసుకెళ్ళండి' అని. అమ్మవారు ఒంటిమీద ఉండగా ఊరు దాటించకూడదన్నాడాయన. నిజమే కదా అనుకున్నాం."

మామ్మగారు నమ్మింది. ఆయన నమ్మలేదు. బయటివాళ్ళు రాకూడదని కట్టే మండని ఎవరైనా వీధి గుమ్మానికి కడతారు. ఆయన పెరటి గుమ్మానికి కట్టి, వీధివైపు కొట్టు తెరిచి కూర్చున్నాడు. ఆసుపత్రికి తీసుకెళ్తే జబ్బు పేరు బయటపడుతుంది, తన దగ్గర పప్పూ ఉప్పూ ఎవరూ కొనరని ఆయన భయం.

పెద్దకర్మ రోజు భోజనాలవగానే, పెరట్లో ఎండిన ఆ మండ విప్పి, చుట్టాలందరూ చూస్తుండగా కొట్టు గుమ్మానికి కట్టాను.

"ఏంటమ్మా ఇది, బేరాల వేళ?"

"అమ్మవారండి. ఇల్లొకటే కదా, ఇటువైపు కట్టడం మర్చిపోయారు."

"పరువు తియ్యకు."

"పిన్నికి హెచ్‌ఐవీ అండి," అన్నాను, వీధిలోకి వినపడేలా. "ఆమె పోయింది దాంతో కాదు. మందు పడలేదని మొత్తుకుంటున్నా ఈయన ఆసుపత్రికి తీసుకెళ్ళలేదు."

జబ్బు సంగతి దాచమని పిన్ని నన్నెప్పుడూ అడగలేదు. "నేనేం దొంగతనం చేశానే?" అనేది. అందుకే ఇక్కడా రాస్తున్నాను.

ఆయన మండ పీకేస్తాడు. నేను ప్రతి ఆదివారం బస్సు దిగి పచ్చిది కడతాను, పిన్ని కట్టిన అంటులా గట్టిగా, మళ్ళీ లాగి చూడక్కర్లేకుండా. మొన్న సంచి పట్టుకొచ్చిన ఒకావిడ గుమ్మం ముందు ఆగి, పైకి చూసి, రోడ్డు దాటి అవతలి కొట్టుకి వెళ్ళిపోయింది. వేపాకులు గాలికి రాలి బియ్యం బస్తాల్లో పడుతున్నాయి. ఆయన వంగి ఒక్కొక్కటే ఏరుతున్నాడు.